కోరింది పుచ్చుకో

సిస్టర్ బ్రోనిస్లావా తన గొయ్యి తానే తవ్వుకుంది. పారతో కాదు, రెండు చేతుల బొటనవేళ్ళతో. పొద్దున ప్రార్థన కాగానే ఒకసారి, సాయంత్రం పిల్లలకు గంజి పోశాక ఒకసారి, గొర్రెకొవ్వు రాసి ఒక పిల్ల ఎడమ పాదాన్ని బయటికీ పైకీ తిప్పి నొక్కేది. లోపలికి మెలితిరిగి పుట్టిన పాదం అది. చెక్కబద్దలు కట్టి, గుడ్డ చుట్టి, పిల్ల ఏడుస్తుంటే తానూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ, అయినా వదలకుండా ఏళ్ళ తరబడి నొక్కింది. పాదం తిన్నబడింది. తిన్నబడ్డాక పిల్ల నడిచింది, నడిచాక పరుగెత్తింది. పరుగెత్తే పిల్లను ఎవరు మాత్రం వదులుకుంటారు? కుంటిదని తెచ్చి వదిలేసినవాళ్ళే మా పిల్ల మాకు కావాలంటూ వచ్చారు.

పిల్ల పేరు ఉల్మెకెన్. "మగపిల్లాడేనా?" అని దాని అర్థం. ముగ్గురు ఆడపిల్లల తర్వాత కోడలు నాలుగోసారి నీళ్ళాడినప్పుడు, గుమ్మం బయట నిలబడి తాత కబ్దేష్ అడిగిన మొదటి మాట అది. కాదని చెప్పగానే, అడిగిన మాటనే పేరుగా ఉంచేసి గుర్రమెక్కి పోయాడు. ఆ కజఖ్ గడ్డిమైదానంలో అలాంటి పేర్లు కొత్త కాదు, ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. పిలిచిన ప్రతిసారీ "కాదు" అని జవాబు చెప్పుకోవలసిన పేరు ఒక పసిదానికి పెట్టాలంటే ఎంత గుండె కావాలో మాత్రం నాకు తెలియదు.

చుట్టాలున్న పిల్ల అనాథ కాదంటారు వాళ్ళ ఊరు సారీబులాక్‌లో. కన్నపిల్లను పరాయి గడపలో వదలడం కజఖులకు తలవంపు. కానీ ఆ చలికాలం సర్కారు వ్యవసాయక్షేత్రం కుప్పకూలింది. జీతాల బదులు గోనెసంచులు పంచారు. కోడలు జాదిరాకు పాలు ఇంకిపోయాయి, కొడుకు గనుల్లో పని వెతుక్కుంటూ పోయాడు. కబ్దేష్ నెలపిల్లను గొర్రెతోలు కోటులో దాచుకొచ్చి, మఠంవాళ్ళు నడిపే పిల్లల ఇంట్లో బ్రోనిస్లావా చేతుల్లో పెట్టాడు. "వదిలేసి పోవట్లేదు, కాలు బాగయ్యేదాకా ఉంచు" అన్నాడు. బాగవుతుందని ఆయనా అనుకోలేదు, ఆమే అనుకోలేదు. పరువు దక్కడానికి ఒక మాట కావాలి గనుక అన్నాడు. ఆమె సరే అంది.

బ్రోనిస్లావా ఆ ఊళ్ళోనే పుట్టింది. ఆమె అమ్మానాన్నలను పోలండు సరిహద్దు నుంచి సర్కారువాళ్ళు పశువుల రైలుపెట్టెల్లో తెచ్చి, గడ్డి తప్ప మరేమీ లేని చోట దింపేసి వెళ్ళారు. మొదటి చలికాలం కబ్దేష్ తల్లి విసిరిన ఎండు పెరుగుండలు నానబెట్టుకు తిని బతికారు. అంటే ఆ ఇంటి ఉప్పు తిన్న మనిషే. దేవుడి పేరెత్తితే జైల్లో పెట్టే రోజుల్లో, కిటికీలకు దుప్పట్లు కట్టిన ఒక వంటింట్లో ఆమె మూడు వ్రతాలూ పట్టింది: పేదరికం, కన్యాత్వం, విధేయత. ఊరికి మాత్రం ఆస్పత్రి నర్సు, మంత్రసాని. కాలం మారి, ముసుగు బాహాటంగా వేసుకోవచ్చన్నాక పరదేశం నుంచి మదర్ లుడ్గార్డా వచ్చింది. మఠం వచ్చింది, మఠంతో పాటు నియమాలూ వచ్చాయి. ఏ సిస్టరుకూ తనదంటూ ఏదీ ఉండకూడదు. ఏ బిడ్డనూ ఒక్క సిస్టరే పెంచకూడదు, కొన్నాళ్ళకోసారి చేతులు మారుస్తుండాలి. పిల్లలందరూ చేతులు మారారు, ఉల్మెకెన్ ఒక్కతే మారలేదు. "ఆ కాలు పట్టడం నాకే తెలుసు మదర్" అంటూ బ్రోనిస్లావా ఏటికేడు నెట్టుకొచ్చింది. కాలు ఎప్పుడో బాగైంది. ఆమె నొక్కుతూనే ఉంది.

పిల్లకు ఒక ఆట ఉండేది. "సుయిన్షీ! సిస్టరమ్మా, సుయిన్షీ! పిల్లి పిల్లల్ని పెట్టింది!" అని పెరట్లోంచి అరుచుకుంటూ వచ్చేది. సుయిన్షీ అంటే శుభవార్త తెచ్చినవాడి హక్కు. ఆ కేక వినగానే అవతలివాడు "కోరింది పుచ్చుకో" అనాలి. అన్నాక కోరింది ఇవ్వాలి, అంతే. మారుమాట లేదు. అక్కడి పిల్లలకు ఇది ఉగ్గుపాలతో వస్తుంది. బ్రోనిస్లావా చేతిలో పని ఆపి, మొహం గంభీరంగా పెట్టి "కోరింది పుచ్చుకో" అనేది. పిల్ల తల గోక్కుని, ఎంతో ఆలోచించినట్టు నటించి, చివరికి ఒక గుండీ అడిగేది. చిరిగిన కోట్ల మూటలోంచి ఒక గుండీ తెంపి ఇచ్చేది ఈవిడ. వాటిని దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుని తిరిగేది ఆ పిల్ల. ఆవు ఈనితే గుండీ, మంచు ఆగితే గుండీ, ఫాదర్ గారు గుర్రం మీంచి పడితే కూడా సుయిన్షీ అంటూ వచ్చింది ఒకసారి. అది శుభవార్త కాదే అంటే, "ఏం తగల్లేదుగా!" అని గుండీ పుచ్చుకునే కదిలింది.

తొలి మంచు కురిసినప్పుడు కబ్దేష్ గుర్రపుమాంసం మూట వేసుకుని మఠానికి వచ్చాడు. ఏటా వచ్చేవాడే, మూట ఇచ్చి, టీ తాగి, పిల్ల వంక చూడకుండా పోయేవాడే. ఈసారి టీ తాగలేదు.

"ఏదీ, పిల్లను పిలువు. ఇట్రావే. కంచె దాకా నడు. ఊఁ. ఇప్పుడు పరిగెత్తు."

ఉల్మెకెన్ పరుగెత్తింది. కొత్తవాళ్ళ ముందు గొప్ప చూపించుకోవడం ఏ పిల్లకు ఇష్టం ఉండదు? కంచె తాకి వెనక్కి వచ్చింది. కబ్దేష్ గడ్డం నిమురుకుంటూ గుర్రప్పిల్లను చూసినట్టు కాళ్ళే చూశాడు.

"బాగైందే! నీ చేతిలో మందుందే బ్రోన్యా. సరే, కొడుకు గనుల నుంచి వచ్చిపోతున్నాడు, కోడలికి మళ్ళీ నెలలు నిండొస్తున్నాయి. పురుడవగానే దీన్ని తీసుకుపోతా."

"ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందా, పెద్దాయనా?"

"గుర్తులేకపోవడమేంటి? గుర్రం కుంటితే పశువుల డాక్టరు దగ్గర వదుల్తాం. బాగయ్యాక డాక్టరుకే వదిలేసి వస్తామా?"

"ఇది గుర్రం కాదు."

"కాదుగా మరి! గుర్రమైతే ఎప్పుడో కోసుకు తినేవాళ్ళం." తన మాటకు తానే నవ్వాడు. "ఉయ్యాల ఊపడానికి ఒకత్తి కావాలే. పెద్దవాళ్ళు బడికిపోతున్నారు. రేపు పెళ్ళికెదిగితే కాలు తిన్నగా ఉంది గనక ఎవడో ఒకడు చేసుకుంటాడు కూడా. ఎందుకా మొహం? నువ్వు కన్నావా ఏంటి? ఊళ్ళో పిల్లలంతా నీ పిల్లలేనంటావుగా. అంతమందిలో ఒకత్తి తగ్గితే నీకొచ్చిన లోటేంటి?"

బ్రోనిస్లావా పిల్లను లోపలికి పంపేసింది. పిల్ల తాత కాదు, తండ్రి కాదు, ఆ కాలు తనను మోసం చేసిందనిపించింది. ఆ సాయంత్రం కొవ్వు గిన్నె తీసుకుని కూర్చుని, నొక్కబోయి, చేతులు వెనక్కి తీసుకుంది. మళ్ళీ వంకర తిరిగితే బాగుండునన్న ఆలోచన వచ్చింది ఆ మహాతల్లికి. వెంటనే లెంపలు వేసుకుని ప్రార్థన గదికి పరుగెత్తింది. వచ్చిన ఆలోచన వచ్చినట్టే ఉంది.

మదర్ లుడ్గార్డా దగ్గరికి వెళ్ళి గోడు చెప్పుకుంది. మదర్ చెడ్డది కాదు, అదే చిక్కు. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

"కన్నతల్లి దగ్గరికి వెళ్ళడం కన్నా ఆ బిడ్డకి మంచి ఏముంటుంది, సిస్టర్? మనం పెంచేది పంపించడానికే గదా."

"ఉయ్యాల ఊపించడానికి తీసుకెళ్తున్నారు మదర్."

"మన దగ్గర మాత్రం బంగాళాదుంపలు వొలవట్లేదూ?" అని, "నువ్వు ఏడుస్తున్నది దాని కోసమా, నీ కోసమా?" అంది మదర్. ఆమె అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదు.

జాదిరాకు నొప్పులు మొదలైన రోజున మంచుగాలి అప్పుడే తెరిపిచ్చింది. తెల్లవారి బ్రోనిస్లావా వెళ్ళేసరికి పొయ్యిలో పిడకలు మండుతున్నాయి. పొయ్యి పక్కన పొరుగింటి రబిగా, ఉన్ని బూట్లు తొడుక్కుని, శాలువా కట్టుకుని సిద్ధంగా కూర్చుంది. సాయానికి వచ్చానంది కానీ ఆమె ఎందుకు వచ్చిందో ఊరందరికీ తెలుసు. మగపిల్లాడైతే కబ్దేష్‌కి మొదటి కబురు తానే మోసుకుపోవాలి. వీధి చివర ఇంట్లో చలికాలపు గుర్రాన్ని కోశారు. మగవాళ్ళంతా అక్కడ మాంసం చుట్టూ చేరారు, కబ్దేష్ కూడా అక్కడే ఉన్నాడు.

"ముసలాడు గుర్రప్పిల్లని ఇచ్చినా ఇస్తాడు," అంది రబిగా చేతులు కాచుకుంటూ. "నువ్వు త్వరగా కనవే జాదిరా. ఈ బూట్లతో నాకు చెమటలు పోస్తున్నాయి."

"నువ్వొచ్చి కను, తెలుస్తుంది," అంది జాదిరా పళ్ళ సందుల్లోంచి.

నొప్పికీ నొప్పికీ మధ్య ఆమె బ్రోనిస్లావా చెయ్యి పట్టుకుని తలగడ కింద చూడమంది. ఎర్ర మఖమలు చేతుల్లేని కోటు, అంచుకు తెల్లదారంతో కుట్టుపని, చిన్నది.

"ఉల్మెకెన్‌కక్కా. కొలత తెలీదు. మూడోదాని కొలతకి కాస్త తగ్గించి కుట్టా. సరిపోతుందంటావా?"

బ్రోనిస్లావా కోటు వంక చూసింది. భుజాల దగ్గర వదులు, పొడుగు చాలదు. మడిచి తలగడ కిందే పెట్టేసింది.

"పాలు పోయడానికొచ్చినప్పుడల్లా మీ కంచె సందులోంచి చూసేదాన్నక్కా. లోపలికొస్తే మామ చంపేస్తానన్నాడు. వదిలేసినదానివి ఏ మొహం పెట్టుకుని పోతావన్నాడు. ఈసారి మగపిల్లాడైతే చాలు. ఊరంతటికీ పెద్ద విందు చేసి అందరి ముందూ దాన్ని ఇంటికి తెస్తానన్నాడు... అమ్మా! వస్తోంది, వస్తోంది!"

అన్నీ వింది బ్రోనిస్లావా. వినలేదని మాత్రం ఎవరూ చెప్పకూడదు. తల బయటపడింది, భుజం బయటపడింది, కెవ్వున ఏడ్చాడు. మగపిల్లాడు. బొడ్డు కోసి ముడి వేసింది, మాయ పూర్తిగా పడిందో లేదో చూసింది. తల్లికి నెత్తురు ఆగింది. ఎన్నో పురుళ్ళు పోసిన చెయ్యి, ఏ పనీ మరచిపోలేదు. అప్పుడు తలెత్తితే రబిగా గడపలో ఉంది, తలుపు గడియ మీద చెయ్యి వేసి.

"రబిగా! ఇటు రా. ఇది పట్టుకో!"

కంగారులో రబిగా చేతులు చాపింది. ఆ చాచిన చేతుల్లో పిల్లాణ్ణి పెట్టేసి, తల్లి పక్కనుంచి కదలొద్దని చెప్పి, బ్రోనిస్లావా తలుపు తోసుకుని పరుగెత్తింది.

"ఓసి దొంగముండా! నల్లముసుగుదానా! సన్యాసికి సుయిన్షీ ఎందుకే!" రబిగా అరుపు వెనక నుంచి వీధంతా వినబడింది. చేతుల్లో పసిగుడ్డు. కదలలేదు పాపం.

యాభై దాటిన మనిషి, మోకాలి లోతు మంచు. ముసుగు కంచెకు తగులుకుని ఊడిపోతే వెనక్కి చూడలేదు. చేతులకు ఇంకా పురిటి నెత్తురు ఉంది. ఏడుపూ కాదు, నవ్వూ కాదు, గొంతులో ఏదో కేక అణుచుకుంటూ పరుగెత్తి, బూట్లయినా విప్పకుండా ఆ ఇంట్లోకి చొరబడింది.

"సుయిన్షీ! పెద్దాయనా, సుయిన్షీ! మగపిల్లాడు!"

పళ్ళెం చుట్టూ కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. సిస్టరమ్మ నెరిసిన జుట్టు చూడడం అందరికీ అదే మొదటిసారి. కబ్దేష్ ఒక చేతిలో మాంసం, ఒక చేతిలో కత్తితో లేచి నిలబడ్డాడు. గడ్డమంతా కన్నీళ్ళతో తడిసిపోయింది.

"కోరింది పుచ్చుకో!" అని అరిచాడు చివరికి. "బ్రోన్యా, కోరింది పుచ్చుకో! నా ఎర్ర గుర్రాన్ని కోరుకో!"

"మఠానికి గుర్రమెందుకూ? మదర్‌ని ఎక్కిస్తారా?" అన్నాడొకడు. మళ్ళీ నవ్వులు.

"ఉల్మెకెన్‌ని ఇవ్వు."

నవ్వులు ఆగాయి.

"మఠానికి కాదు. నాకు ఇవ్వు," అంది బ్రోనిస్లావా. వంటింట్లో వ్రతం పట్టిన నాటి నుంచి "నాకు ఇవ్వు" అన్న మాట ఆమె నోట రాలేదు. వచ్చాక ఎంత తియ్యగా ఉందో ఆమెకే తెలుసు.

పక్కనున్న ముసలాయన ఒకడు గొంతు సవరించుకున్నాడు. "మనిషిని అడుగుతారా ఎక్కడన్నా? ఇంకోటి కోరుకోమను, కబ్దేష్."

"నోర్ముయ్." కబ్దేష్ మొహం నల్లబడిపోయింది. "సుయిన్షీకి ఇంకోటి కోరుకోమన్నవాడు మా ఏడు తరాల్లో లేడు. నాతో మొదలవదు." ఆమె వైపు తిరిగాడు. "మనవణ్ణి చేతిలో పెట్టి మనవరాలిని ఎత్తుకుపోతున్నావ్. మా అమ్మ నీ తల్లికి తిండి విసిరిన నాడు నాకు చిన్నతనం, లేకపోతే చెయ్యి పట్టుకుని ఆపేవాణ్ణి. తీసుకుపో. ఆ పిల్ల ఇంక నీది."

ఆనందం పట్టలేకపోయింది ఆమె. ఆ మాట దాచడం ఎందుకు? వీధిలో నిలబడి మంచు గుప్పెటతో తీసుకుని మొహానికి రుద్దుకుంది. దేవుడు తన మొర విన్నాడని గట్టిగా నమ్మింది. కంచెకు వేలాడుతున్న ముసుగు తీసి కట్టుకుని, బాలింతను చూడడానికి వెనక్కి వెళ్ళింది. కబురు ఆమె కన్నా ముందే చేరింది. రబిగా ఎదురొచ్చి ఉమ్మేసి పోయింది.

జాదిరా పిల్లాడికి రొమ్ము అందిస్తోంది. కళ్ళెత్తలేదు. తలగడ కిందనుంచి ఎర్రకోటు లాగి నేలమీదికి విసిరింది.

"తీసుకెళ్ళక్కా. కొలత నీకే తెలుసు, సరిచేసుకో."

"జాదిరా, నేను..."

"నా నెత్తురింకా నీ చేతులకుంది. కడుక్కుని మాట్లాడు."

బ్రోనిస్లావా చేతులు కడుక్కుంది. కోటు తీసుకుని వచ్చేసింది.

మదర్ లుడ్గార్డా సంగతంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఎవరికి ఇచ్చాడన్నావ్?"

"నాకు, మదర్. అందరి ముందూ ఇచ్చాడు."

"నీ జపమాల ఎవరిది, సిస్టర్?"

"మఠానిది."

"నీ కాళ్ళకున్న బూట్లు?"

"మఠానివి."

"నీకు ఎవరైనా ఏదైనా ఇస్తే?"

ప్రశ్న ఎటు పోతోందో బ్రోనిస్లావాకు అప్పటికి తెలిసింది. ఏ సిస్టరుకు ఏది వచ్చినా మఠానిదే. పెద్ద పండక్కి ఊరివాళ్ళు ఇచ్చిన జేబురుమాలు కూడా తెచ్చి మదర్ బల్లమీద పెట్టేది తాను. చిన్నప్పుడు అబ్బిన ఊరి ఆచారం ఒకటి, పెద్దయ్యాక తలకెత్తుకున్న వ్రతం ఒకటి. రెండూ తనవేననుకుంది ఇన్నాళ్ళూ. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన సంగతి ఏటి మధ్యకు వచ్చేదాకా తట్టలేదు.

"ఒక తల్లి ఎదురుచూస్తున్న బిడ్డని, గుర్రాన్ని అడిగినట్టు అడిగి తెచ్చుకున్నావు," అంది మదర్ నెమ్మదిగా. "నీకోసం. తప్పు ఆ ముసలాయనది కాదు. కరగాందా పట్నంలో మన మఠం ఇల్లుంది, దగ్గర్లో బడి ఉంది. పిల్ల అక్కడ పెరుగుతుంది. నువ్వు ఇక్కడే ఉంటావు. నువ్వే తీసుకెళ్ళి అప్పగించి రావాలి."

"అలాగైతే వాళ్ళమ్మకే ఇచ్చేస్తాను మదర్. ఇప్పుడే ఇచ్చేసి వస్తాను."

"తీసుకుంటే నాకూ సంతోషమే. వెళ్ళి అడుగు."

వెళ్ళింది. కబ్దేష్ గుర్రాలకు గడ్డి వేస్తున్నాడు. ఆమె చెప్పినదంతా గడ్డి ఎత్తే పంగలకర్రకు ఆనుకుని విన్నాడు. సుయిన్షీగా ఇచ్చింది తిరిగి గడప దాటి వస్తే ఆ శుభం కూడా వెనక్కి పోతుంది. అంటే ఉయ్యాలలో ఉన్న పిల్లాడి ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అది తెలియని మనిషి ఆ ఊళ్ళో లేడు, ఆమెతో సహా.

"మొత్తం నువ్వే చేశావే," అన్నాడు. ఈసారి కోపం లేదు ఆ గొంతులో. "నీ ఇంట్లో నీ మాట చెల్లదని నాకెందుకు ముందే చెప్పలేదు? చెల్లని చెయ్యి ఎందుకు చాపావు? ఎర్ర గుర్రాన్ని అడిగుంటే నీ మదర్ అమ్ముకుని పిండి కొనుక్కునేది. పిల్ల ఇక్కడ ఉండేది. రోజూ వచ్చి చూసుకునేదానివి."

కిటికీ వెనక జాదిరా నిలబడి ఉంది, పిల్లాణ్ణి గుండెకు అదుముకుని. అడ్డు రాలేదు, అడగలేదు. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టిన ఒక్కణ్ణి పందెం పెట్టి ఏ తల్లి మాత్రం జూదం ఆడుతుంది?

ముసుగు తీసి బల్లమీద పెట్టేసి, పిల్ల చెయ్యి పట్టుకుని పోతే? ఈ ఆలోచన రాలేదని కాదు. ప్రార్థన గదిలో మోకాళ్ళ మీద కూర్చుని ముసుగు పిన్ను దాకా చెయ్యి తీసుకెళ్ళింది. పోతే ఎక్కడికి, ఏం పెట్టి పెంచాలి, పట్టిన వ్రతం ఏం కావాలి, ఇలా సవాలక్ష అనుకుంది. అసలు సంగతి భయం. ఆ పసిపాదం కొన్నేళ్ళలో తిన్నబడింది. ముప్పయ్యేళ్ళు వంగి వంగి బిగుసుకుపోయిన మనిషిని తిన్నబరచడానికి మాత్రం ఏ కొవ్వూ దొరకదు. పిన్ను మళ్ళీ గుచ్చుకుని, సంచి సర్దడానికి లేచింది.

రైలెక్కడం ఉల్మెకెన్‌కు పెద్ద పండగైంది. ఎర్రకోటు వేసుకుంది. బ్రోనిస్లావా దాన్ని విప్పి, కొలతకు మళ్ళీ కుట్టింది, ఇప్పుడు అచ్చంగా సరిపోయింది. మెళ్ళో గుండీల దండ. కిటికీకి ముక్కు ఆనించి కనబడిన ప్రతి గుర్రానికీ పేరు పెట్టింది. వేయించిన పిండి ముక్కలు పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ పంచింది.

"సిస్టరమ్మా, కరగాందాలో ఎన్నాళ్ళుంటాం?"

"వెళ్ళాక చూద్దాం."

"వచ్చేటప్పుడు కిటికీ పక్కన నువ్వు కూర్చో. ఇప్పుడు నేను కూర్చున్నాగా."

"అలాగే."

అంత చిన్న అబద్ధం చెప్పడానికి ఆమెకు ఏమీ కష్టమవలేదు. అదే ఆమెను భయపెట్టింది.

కరగాందా ఇల్లు శుభ్రంగా ఉంది. సిస్టర్లు నవ్వుతూ ఎదురొచ్చారు, వేడి సూపు పెట్టారు. పిల్లకు మంచం చూపించారు, మంచం మీద కొత్త దుప్పటి. ఆ ఇంటి పెద్ద సిస్టరు బ్రోనిస్లావాను పక్కకు పిలిచి, చెప్పకుండా వెళ్ళిపొమ్మంది. చెబితే ఏడుస్తుంది, చెప్పకపోతే రెండు రోజుల్లో మరచిపోతుందట. బ్రోనిస్లావా తల ఊపింది. సంచి భుజాన వేసుకుని, ఒక్కసారి దుప్పటి సరిచేసి వెళదామని గదిలోకి వచ్చింది. సరిగ్గా ఉన్న దుప్పటినే సరిచేస్తోంది.

"సుయిన్షీ!" వరండాలోంచి పరుగెత్తుకొచ్చింది ఉల్మెకెన్. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "సిస్టరమ్మా, సుయిన్షీ! స్టేషను బస్సొచ్చేసింది! మన బస్సు! నేనే ముందు చూశా!"

"కోరింది పుచ్చుకో," అంది బ్రోనిస్లావా. ఏళ్ళ అలవాటు, నోరు దానంతటదే పలికింది.

గుండీ అడుగుతుందనుకుంది. పిల్ల తల గోక్కోలేదు, ఆలోచిస్తున్నట్టు నటించలేదు. గదంతా ఒకసారి చూసింది. తన మూట విప్పి అలమారలో సర్ది ఉంది. సిస్టరమ్మ సంచి భుజానే ఉంది.

"నీతో ఇంటికి," అంది.

బయట బస్సు హారన్ కొట్టింది.

"ఇంకోటి కోరుకో, తల్లీ."

ఉల్మెకెన్ బిత్తరపోయి చూసింది. ఏడవలేదు. సిస్టరమ్మకు తెలియక అనేసిందనుకుని, తెలియనివాళ్ళకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"అలా అనకూడదు. తాత అనలేదుగా. నువ్వడిగితే నన్నిచ్చేశాడుగా."

బ్రోనిస్లావా తన కోటు గుండీ పట్టుకుని లాగింది. దారం గట్టిది, రెండోసారికి తెగింది. గుండీ పిల్ల అరచేతిలో పెట్టి వేళ్ళు ఒక్కొక్కటే మూసింది. పిల్ల వేళ్ళు విప్పేసింది. గుండీ దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది, పిల్ల వంగి చూడనైనా లేదు. మళ్ళీ హారన్ కొట్టారు. పెద్ద సిస్టరు వచ్చి పిల్ల భుజాలు పట్టుకుంది. బ్రోనిస్లావా లేచి, కోటు రెండు అంచులూ చేత్తో కలిపి పట్టుకుని, బస్సెక్కింది.

బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూసింది. ఎర్రకోటు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. వెనక సిస్టర్లు అరుస్తున్నారు, వాళ్ళకు అందడం లేదు. గడ్డకట్టిన రోడ్డు మీద జారకుండా, తూలకుండా పరుగెత్తుకొస్తోంది పిల్ల. బ్రోనిస్లావా కళ్ళు అలవాటుగా ఆ ఎడమ పాదం మీదికే పోయాయి. ఎక్కడా కుంటడం లేదు. పాదం తిన్నగా పడుతోంది, తిన్నగా లేస్తోంది. మలుపు తిరిగేదాకా అలా పరుగెత్తుతూనే ఉంది.